ఇంజనుకు పెట్టిన తాలింపు

నేను రిటైరయ్యేనాటికి నాకు ముప్పై ఆరేళ్ళు. నన్ను రిటైర్ చేసింది ప్రభుత్వం కాదు, నా నడుము. పదహారేళ్ళు బండ్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేశాక, ఒకరోజు పడుకున్నవాణ్ణి లేవలేకపోయాను. వీడ్కోలు సభ అక్కడికక్కడే జరిగింది. ఇద్దరు కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు, ఒకడు నవ్వాడు. శాలువా బదులు నడుముకు పట్టీ కట్టారు. అప్పటినుంచి ఉరవకొండలో ఒక స్పేరు పార్టుల అంగడిలో కుర్చీ మీద కూర్చుంటున్నాను.

పోయిన వారం ఒక మెకానిక్ తమ్ముడు ఆ అంగడికి వచ్చి, "అన్నా, మా కస్టమరు లాంగు డ్రైవు పోతాండాడు. బండి సౌండు మారాలంట. కోను ఫిల్టర్ ఉండాదా?" అని అడిగాడు. నేను అరిచిన అరుపుకు ఎదురు హోటల్లో దోసె తిరగేస్తున్న మనిషి అట్లకాడ ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ఆ దోసె మాడిపోయింది. తమ్ముడు మాత్రం, పిచ్చివాడి దగ్గర ఎక్కువసేపు ఉండకూడదన్నట్టు, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతనికి క్షమాపణ చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఎందుకు అరిచానో షెడ్లలో ఉన్న మీ అందరికీ తెలియాలని రాస్తున్నాను. నేను క్షమాపణ చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా వైపు వరసగా మూడో ఏడు వాన లేదు. శనక్కాయ విత్తనం భూమిలోకి పోవడమే గానీ పైకి రావడం జనం మరిచిపోయారు. గాలిలో గాలి తక్కువ, మన్ను ఎక్కువ. బళ్ళారి రోడ్డు మీద మా షెడ్డు. మా ఉస్తాద్ జీపు ఇంజను విప్పితే పక్క తాలూకా నుంచి వచ్చి చూసేవాళ్ళు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బండి ఏ జబ్బుతో వచ్చినా సరే, బ్రేకు పడకపోయినా, హారను మోగకపోయినా, ముందు బానెట్ ఎత్తి గాలి ఫిల్టర్ తీసి, దుమ్ము రాలేటట్టు టైరుకు నాలుగు దెబ్బలు కొట్టాలి. ఏ రోగంతో పోయినా డాక్టరు ముందు నాలుక చూపించమంటాడే, అలాగ. "ఈ ఊర్లో ఇంజను తాగేది డీజిల్ గాదు బేటా, మన్ను," అనేవాడు.

ఆ నియమాన్ని మాకంటే భక్తిగా పాటించే మనిషి ఒకాయన ఉండేవాడు. మా షెడ్డువాడు కాదు. దగ్గరి పల్లెలో ఒక పెద్ద ఇంటికి డ్రైవరు. శనక్కాయ భూములు, కాంట్రాక్టులు, ఎన్నికలప్పుడు ఇంటి ముందు జీపుల వరస ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు బండి తోలాడు. వారానికొకసారి ఫిల్టర్ తీసి, టైరు మురికిగా ఉంటుందని, తన మోకాలికే కొట్టుకునేవాడు. అందుకే ఆయన ఖాకీ ప్యాంటు కుడి మోకాలి మీద ఎప్పుడూ గుండ్రంగా మట్టి మచ్చ ఉండేది. ఆయన భార్య ఎంత ఉతికినా పోలేదట. అందరం ఆయన్ని డ్రైవరన్నా అనేవాళ్ళం.

ఆ పెద్ద ఇంటి అబ్బాయిగారు బెంగుళూరులో ఇంజనీరింగు సగం చదివి వచ్చారు. ఏ సగమో తెలియదు. ఒక సోమవారం ఉదయం కొత్త డీజిల్ బండి మా షెడ్డులో ఆపి, వెనక సీటులోంచి అట్టపెట్టె తీశారు. లోపల కాగడా కొసలా, శంకు ఆకారంలో, ఎర్రటి గుడ్డ మడతలు మడతలుగా ఒక వస్తువు. కోను ఫిల్టర్ అదే. కంపెనీ ఇచ్చిన నల్ల డబ్బా పీకేసి ఆ చోట దీన్ని పెట్టాలి. పెడితే ఇంజను గాలి బాగా పీలుస్తుంది, బండి పరిగెత్తుతుంది, అన్నిటికంటే ముఖ్యం, బుస్సుమని సౌండు వస్తుంది.

"శుక్రవారం ఫ్రెండ్సు అందరం గోవా పోతాండాం. ఈ పొద్దే ఎక్కించాల," అన్నారు అబ్బాయిగారు.

"శుక్రవారం దాకా టైముండాది గదా సామీ," అన్నాడు ఉస్తాద్.

"సాయంత్రం గుంతకల్లులో మావాళ్ళకు వినిపించాలప్పా!"

చూపించాలని కాదు, వినిపించాలని. బండి కొన్నది ఎక్కి తిరగడానికి అనుకున్నాం మేము. పాటకచేరీ పెట్టడానికని తెలియదు.

డ్రైవరన్న ఆ వస్తువును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సామీ, చెప్తానని కోపం చేసుకోవద్దు. పాత డబ్బా చల్లగాలి పీలుస్తాది, మడ్గార్డు సందులోంచి. ఇదేమో ఇంజను పక్కనే నోరు తెరుచుకోని కూచుంటాది. వేడి గాలి, దుమ్ము, అంతా లోపలికే. బళ్ళారి దాటితే ఖనిజం లారీలు. ఎర్రదుమ్ము మంచు మాదిరి ఉంటాది ఆడ. గోవా పోయొచ్చినాంక పెట్టుకుందురు గానీ."

"నువ్వు స్టీరింగు తిప్పు. ఇంజనీరింగు నాకు ఇడిసిపెట్టు."

ఇంజనీరింగు తమర్ని ఎప్పుడో ఇడిసిపెట్టింది కదా సామీ, అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఆ రోజుల్లో షెడ్డులో జోకులకు నేనే గుత్తేదారుని. ఎవరి నోట ఏ పెద్దమాట వచ్చినా సూది పెట్టి గాలి తీసేవాణ్ణి. ఎవరైనా ఏడవబోతే నవ్వించి పంపేవాణ్ణి. కానీ ఇన్నేళ్ళ తర్వాత లెక్క తీస్తే నా జోకులకు నాకే తెలియని ఒక నియమం కనబడుతోంది. బండి ఉన్నవాడి మీద వేయను, బండి తోలేవాడి మీద వేస్తాను. అందుకని అబ్బాయిగారి జోకు మింగి, వెంటనే ఇంకోటి బయటికి తీశాను.

"డ్రైవరన్న నెత్తిమీద నాలుగు వెంట్రుకలు కూడా కంపెనీ ఫిట్టింగే సామీ. ఊడిపోయినా మార్చనీడు."

అందరూ నవ్వారు. అబ్బాయిగారు అందరికంటే గట్టిగా నవ్వారు. పని మొదలైంది.

కొత్తది కూర్చోవాలంటే ఇంజనుకు పోయే పైపు పొడవు అడ్డం వచ్చింది. నేను రంపం బ్లేడు తీశాను. డ్రైవరన్న నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కొయ్యొద్దప్పా. కోస్తే మళ్ళా పాతది ఎక్కాలన్నా ఎక్కదు."

"ఎక్కాల్సిన పనేముందన్నా?"

"అప్పా, దారిలో ఏమైనా అయితే..."

కోశాను. చాలా నీటుగా కోశాను. నా చేతి పని గురించి ఎవ్వరూ ఏనాడూ మాట అనలేదు. పాత డబ్బానైనా డిక్కీలో పెట్టమని ఆయన అడిగాడు. అక్కడ ఐసుపెట్టె పెట్టాలన్నారు అబ్బాయిగారు.

ఆ తర్వాత బయటపడింది అసలు సంగతి. ఆ ఫిల్టరు గుడ్డకు ఒక నూనె పట్టించాలి. దుమ్ము ఆ నూనెకు అంటుకుని ఆగిపోతుంది. పెట్టెలో నూనె సీసా ఉంది గానీ, బెంగుళూరు నుంచి వచ్చే దారిలో మూత లూజై నూనెంతా అట్టకే పట్టింది. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి కాబట్టి షెడ్డులో ఇంగ్లీషు పండితుణ్ణి నేనే. కాగితం చదివాను. ఆ నూనె తప్ప వేరే నూనె వాడకూడదని ఉంది. ఎక్కువ పోయకూడదని కూడా ఉంది. మీలో ఎవరైనా నన్ను కాపాడాలని, పాపం ఇంగ్లీషు అర్థం కాలేదేమో అనుకుంటారని ముందే చెబుతున్నాను. బాగా అర్థమైంది.

"ఆ నూనె బెంగుళూరులోనే దొరుకుతాది. రెండ్రోజులు పడతాది సామీ," అన్నాను.

"రెండ్రోజులా? సాయంత్రం గుంతకల్లు..."

అబ్బాయిగారి ముఖం పాల కోసం ఏడ్చే పిల్లవాడి ముఖంలా అయింది. షెడ్డంతా నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం వస్తే నాకు చేతులు దురద పెడతాయి. రోడ్డుకు అవతల నూనె మిల్లు ఉంది. దాని బోర్డు వంక చూపించి అన్నాను. "అనంతపురం జిల్లాలో నీళ్ళకు కరువు గానీ, నూనెకు కరువా సామీ?"

ఇది జోకు. కేవలం జోకు. కానీ అబ్బాయిగారు నవ్వడానికి బదులు ఉస్తాద్ వైపు చూశారు. ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. పాత జీపుల గాలి డబ్బాల్లో అడుగున ఇంజనాయిల్ పోసేది ఆయనకు గుర్తొచ్చింది. దుమ్ము వచ్చి అందులో పడేది. "అదీ నూనే, ఇదీ నూనే," అన్నాడు. "ఇది ఇంకా పల్చన. గాలి బాగా పోతాది."

ముప్పై ఏళ్ళు మన్నుతో కుస్తీ పట్టిన మనిషి అన్న మాట అది. ఎందుకన్నాడో నాకు తెలుసు, ఆ ఇంటి బండ్లు, ట్రాక్టర్లు కలిపి ఆరు మా షెడ్డుకే వచ్చేవి. మరి నేనెందుకు తెచ్చాను? అందరూ నా జోకును నిజం చేస్తుంటే గొప్పగా అనిపించింది కాబట్టి. చెంబు తీసుకుని రోడ్డు దాటాను. మిల్లులో అప్పుడే ఆడిన నూనె, వెచ్చగా కమ్మగా ఉంది. ఉస్తాద్ వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఫస్టు క్లాసు," అన్నాడు. ఫిల్టర్ తలకు మర్దన చేసినట్టు పట్టించాను. కొంచెం చాలని కాగితం చెప్పింది. మా ఇంటికి వచ్చిన చుట్టానికి కొంచెం వడ్డించే అలవాటు మాకు లేదు, చెంబు ఖాళీ చేశాను.

బండి స్టార్టు చేస్తే బుస్సుమంది. అబ్బాయిగారు కళ్ళు మూసుకుని విన్నారు. డ్రైవరన్న నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "నీకు తెలుసు గదప్పా ఇది తప్పని."

"ఏం గాదులే అన్నా. శనక్కాయ నూనె ఒంటికి మంచిది."

ఆయన నవ్వలేదు. ఆయనకు హాస్యం తెలియదని ఆ రోజు సాయంత్రం షెడ్డులో చెప్పుకున్నాం.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ముక్కలు ముక్కలుగా విన్నాను. సోమవారం నుంచి గురువారం దాకా ఆ బండి మట్టిరోడ్ల మీద పల్లెపల్లెకూ తిరిగి బుసకొట్టింది. శుక్రవారం గోవా బయలుదేరింది. బళ్ళారి దాటేసరికి నల్లపొగ. డ్రైవరన్న ఆపి చూద్దామన్నాడు, హొసపేటలో టిఫినుకు ఆపుదాంలే అన్నారు. హొసపేటలో బానెట్ ఎత్తబోతే, చేతులు మసి చేసుకుని మళ్ళీ సీటు ముట్టుకుంటావా అన్నారు. అక్కడినుంచి అబ్బాయిగారే స్టీరింగు తీసుకుని, ఖనిజం లారీల వెనక, పొగను తొక్కేసెయ్యాలని ఇంకా తొక్కారు. కొప్పళ ఇంకా కనబడకముందే ఇంజను పట్టేసింది. ఫ్రెండ్సు ఐసుపెట్టె తీసుకుని బస్సెక్కి గోవా పోయారు. స్నేహం అంటే అదీ. అబ్బాయిగారు వేరే కారులో ఇంటికొచ్చారు. డ్రైవరన్న చచ్చిన బండిలో ఒక్కడే కూర్చుని, ముందు లారీకి తాడు కట్టించుకుని, స్టీరింగు తిప్పుకుంటూ రెండో రోజు మధ్యాహ్నానికి మా షెడ్డుకు చేర్చాడు. ఆయన రెప్పలతో సహా ఎర్రగా ఉన్నాడు.

ఆయన వచ్చేలోపే ఇంట్లో తీర్పు రాసేశారు. నాలుగు రోజులు బుసకొట్టించి, ఎర్రదుమ్ములో తొక్కింది నేనే నాయనా అని కొడుకు తండ్రికి చెబుతాడా? డీజిల్ అమ్ముకుని ట్యాంకులో కిరసనాయిలు కలిపాడు, అందుకే ఇంజను పోయింది, అని చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు తోలినవాడికి దొంగ అన్న పేరు పెట్టడానికి పద్దెనిమిది నిమిషాలు కూడా పట్టలేదు.

మరునాడు ఉదయం ఆ ఇంటి పెద్దాయన, అబ్బాయిగారి తండ్రి, వచ్చారు. ఇంజను విప్పించి కళ్ళారా చూసి, అందరి ముందూ తేల్చాలని. రేకుల నీడలో కుర్చీ వేశాం. పక్కన కొడుకు. ఎదురుగా, నీడకు బయట, డ్రైవరన్న. నీడలోకి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

నేనే విప్పాను. బానెట్ ఎత్తగానే సంగతంతా కనబడింది. నూనెకు దుమ్ము అంటుకుని, అంటుకుని, ఫిల్టరు ఎర్రటి పచ్చడి ముద్ద అయింది. ఊపిరాడని ఇంజను గట్టిగా లాగితే, నేను నీటుగా కోసిన పైపు దగ్గర క్లిప్పు జారి, రబ్బరు ఊడొచ్చింది. ఆ సందులోంచి ఎర్రదుమ్ము నేరుగా లోపలికి పోయింది. సిలిండర్ గోడలు పిల్లి రక్కినట్టున్నాయి. పైన వాసన. వేడికి నూనె కాగి, బజ్జీల అంగడి ముందు నిలబడినట్టు వాసన. కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు ఆ వాసన అందలేదు. ఆయన బీడీ పొగలో ఆయన ఉన్నారు. మాకు మాత్రం, ఆ ఇంజను మీద వంగిన అందరికీ, అందింది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"ఏమప్పా ఉస్తాదూ, ఏమైండాది?" అని అడిగారు పెద్దాయన.

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "రింగులు పోయినాయి సామీ. లోపల గోడలు గీసుకున్నాయి. డీజిల్లో కల్తీ ఉన్నా... ఇట్లనే అయితాది."

"కల్తీ ఉంటే, గదా?"

"ఉంటే సామీ."

"సామీ, ట్యాంకులో డీజిలు ఇంకా ఉండాది," అన్నాడు డ్రైవరన్న. గొంతు పెంచలేదు. "తీసి చూడండి. గుడ్డ తడిపి అంటించి చూడండి. పద్దెనిమిదేండ్లు మీ ఉప్పు తిన్నా. కిరసనాయిలు కలిపుంటే ఇదే రోడ్డు మీద నన్ను చెప్పుతో కొట్టండి."

"బళ్ళారిలో మళ్ళా పోయించినాం నాయనా," అన్నారు అబ్బాయిగారు, గోళ్ళు చూసుకుంటూ. "ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తాది?"

పెద్దాయన చెడ్డవాడు కాదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ సంగతే. ఆయన కొడుకు ముఖం చూశారు, డ్రైవరన్న ముఖం చూశారు, ఎక్కడో ఏదో సరిపోలేదని తెలిసినట్టు కుర్చీలో కదిలారు. చుట్టూ చూశారు. చూపు నా మీద ఆగింది.

"ఒరేయ్ నవ్వులోడా, విప్పింది నువ్వు గదా. నువ్వు చెప్పు. ఏమైంది?"

అడిగారండీ. నన్నే అడిగారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ నోరు మూయలేదు. డ్రైవరన్న నా వైపు తిరిగాడు. ఉస్తాద్ నేల చూశాడు. షెడ్డులో నిశ్శబ్దం. చెప్పాల్సిన మాటలు నాకు వరసగా తెలుసు. మేం తప్పు నూనె పోశాం, పైపు నేను కోశాను, వద్దని చెప్పింది ఈయనొక్కడే. మూడు ముక్కలు. కానీ అంత బరువున్న నిశ్శబ్దాన్ని నేను ఎన్నడూ అలాగే ఉండనివ్వలేదు. నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఏముంది సామీ, ఇంజనుకు శనక్కాయ నూనెతో తాలింపు పెట్టినాం. ఆవాలు, కరివేపాకు మరిచిపోయినాం, అంతే. లేకపోతే గోవా దాకా కమ్మగా పోయుండేది."

ఒక్క క్షణం. తర్వాత షెడ్డంతా పగలబడి నవ్వింది. పెద్దాయనకు దగ్గు వచ్చేదాకా నవ్వొచ్చింది. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "వీడొకడు! దేనికైనా ఎకసక్కమే," అన్నారు. అబ్బాయిగారు నవ్వారు, ఆ నవ్వులో ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. ఉస్తాద్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆవాల దగ్గర తప్ప ఒక్క అబద్ధం లేదు. అంత నిజాన్ని అంత చక్కగా పాడెకెక్కించినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నవ్వు అయిపోయాక పెద్దాయన మనసు తేలికైంది. తేలికైన మనసుతోనే అటు తిరిగి, "సరే అప్పా, పోలీసులు గీలీసులు ఏమొద్దు. తాళాలు ఆడ పెట్టి పో," అన్నారు.

డ్రైవరన్న జేబులోంచి తాళాలు తీసి బానెట్ మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు, పెయింటుకు గీత పడుతుందని. తర్వాత నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు వగైరా నేను రాయను. నిద్ర పట్టింది. పొద్దున లేచాక పట్టుకుంది, చేసిన పని. సైకిలు తొక్కుకుంటూ పెద్దాయన ఇంటికి పోయాను. అరుగు మీద బావమరిదితో కూర్చుని ఉన్నారు. నేను చేతులు కట్టుకుని చెప్పాను. "సామీ, నిన్న నేను చెప్పింది జోకు గాదు. నిజంగానే శనక్కాయ నూనె పోసినాం. డ్రైవరన్న వద్దన్నాడు."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఇదో, వీడే నేను చెప్పినోడు! మళ్ళా మొదట్నుంచి చెప్పురా, మా బావమరిది ఇనాల."

"నగొద్దు సామీ. ఒట్టు. నిజం."

"చూసినావా? నగకుండా చెప్తాడు. అదే వీడి గొప్ప."

ఇద్దరూ నవ్వారు. ఒట్టు పెట్టేకొద్దీ ఇంకా నవ్వారు. నాకు కాఫీ ఇప్పించారు. తాగి వచ్చాను. చూపించడానికి ఫిల్టరైనా ఉంది కదా, వాసన చూస్తే ఎవడు నవ్వుతాడో చూద్దామని షెడ్డుకు పరిగెత్తాను. అది మేకుకు తగిలించి ఉంది. డీజిల్లో రెండుసార్లు ఉతికి, ఆరేసి ఉంది. కొత్త పెళ్ళికొడుకు తలపాగాలా ఉంది.

"ఎవరు కడగమన్నారు?" అని ఉస్తాద్ మీదికి పోయాను. జీవితంలో మొదటిసారి ఆయన మీద గొంతు లేపాను. "నిన్న ఆ మనిషిని దొంగను చేసినావు. ఈ పొద్దు సాక్ష్యం కడిగినావు. నియమాలంట! మన్నంట! సిగ్గుండాదా?"

ఆయన కోప్పడలేదు. బీడీ అంటించుకున్నాడు. "నాకు లేదు బేటా. ఈడ ఏడుమంది తింటాండారు, ఆ ఇంటి బండ్ల మీదే. భయపడినా, అబద్ధం చెప్పినా. నువ్వు భయపడలే, నిజం చెప్పినావు. రెండు మాటలకూ పోయింది ఆ మనిషి పనే. ఏం తేడానో నువ్వే చెప్పు."

నాకు ఇప్పటికీ ఆ మాటకు జవాబు దొరకలేదు. దొరకలేదు కాబట్టే కోపం. అబ్బాయిగారి మీద ఉంది, ఆయన ఆ ఏడాదే బండి మార్చి అందులో పాటల పెట్టె పెట్టించుకున్నారు. ఉస్తాద్ మీద ఉంది, ఆయన పోయాక కూడా ఉంది. నా మీద ఉన్నదాన్ని కౌంటరుకు వచ్చేవాళ్ళకు తలా కొంచెం పంచుతున్నాను.

డీజిల్ దొంగ అన్న పేరు ఉరవకొండ నుంచి గుంతకల్లుకు, గుమ్మఘట్టకు బస్సుకంటే ముందు పోయింది. రెండేళ్ళు ఎవరూ డ్రైవరన్నకు స్టీరింగు ఇవ్వలేదు. శనక్కాయ మిల్లులో మూటలు మోశాడని విన్నాను. పోయి కలవలేదు. పోతే ఏం మాట్లాడతానో నాకే భయం.

ఆ తర్వాతి ఏడు మళ్ళీ వచ్చిన కరువు ఆయనకు మేలు చేసింది. కరువు మేలు చేసిన మనిషి మా జిల్లాలో ఆయనొక్కడే కావచ్చు. ఊర్లకు నీళ్ళు తోలే ట్యాంకర్లకు డ్రైవర్లు చాలలేదు, దొంగ పేరు చూసే తీరిక ఎవరికీ లేదు. ఒకరోజు పాత లారీ ట్యాంకరు ఒకటి మా షెడ్డు ముందు ఆగింది. ఆయన దిగాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ తెల్లబడ్డాయి. కుడి మోకాలి మీద మట్టి మచ్చ అలాగే ఉంది.

"పికప్పు లేదప్పా. చూడు," అన్నాడు. అంతే.

చూశాను. ఫిల్టరు తీసి టైరుకు కొట్టాను, డీజిల్ పైపు శుభ్రం చేశాను, అన్నీ బిగించాను. ఆయన స్టార్టు చేయలేదు. క్యాబిను దిగి, నేను బిగించిన డబ్బా క్లిప్పులు తనే విప్పి, ఫిల్టరు బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తీరిగ్గా చూశాడు.

పక్కన ట్రాక్టరు కోసం కాచుకుని ఉన్న ఒకతను నవ్వాడు. "ఏందన్నా, ఫిల్టరును వాసన చూస్తాండావు? చారా అది?"

"ఏం లేదప్పా. అలవాటు."

నా నోటి చివరికి మూడు జోకులు వచ్చాయి. మూడూ మంచివే. పళ్ళు బిగపట్టాను. అవి పోయాక, "అన్నా, ఆ రోజు..." అన్నాను.

"స్టార్టు చెయ్యప్పా," అన్నాడు ఆయన, ఫిల్టరు తనే బిగించేసి. "నాలుగూర్లు బిందెలు పెట్టుకోని కూచోనుండారు."

తర్వాత ఎన్నో ఏళ్ళు నెలకొకసారి ఆ ట్యాంకరు మా షెడ్డుకే వచ్చింది. వేరే షెడ్లు ఉన్నా ఇక్కడికే ఎందుకు వచ్చేవాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చిన ప్రతిసారీ పని అయ్యాక వాసన చూసేవాడు. ఒక్కసారి మాత్రం, నా నడుము పోవడానికి కొద్దిరోజుల ముందు, వాసన చూసిన ఫిల్టరును తను బిగించకుండా నా చేతికి ఇచ్చాడు. నువ్వే పెట్టు అన్నట్టు తల ఊపాడు. జాగ్రత్తగా కూర్చోబెట్టి, నాలుగు క్లిప్పులూ వేసి, పానా తీసుకోవడానికి అటు తిరిగాను.

నేను తిరగ్గానే, ఆయన విప్పి మళ్ళీ చూసుకున్నాడు.